ర్యామ్ కొనేముందు మూత విప్పి చూడండి

విద్యార్థి సంఘం కార్యదర్శి మా గదికి వచ్చి, "సార్, ఈ ఏడు సంచికకు మీరొక వ్యాసం ఇయ్యాలె. కథలు, కవితలు చాలనే వచ్చినయి. పిల్లలకు అక్కరకొచ్చేది ఏదన్న రాయుండ్రి" అని అడిగినాడు. నేను ఈ కళాశాలలోనే చదువుకొని, ఇక్కడనే కంప్యూటరు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. నాకు కథ రాదు, కవిత అంతకన్నా రాదు. కాని నా నెత్తిమీద అప్పు ఒకటి ఉన్నది. ఒక విద్యార్థికి తెలిసీ తెలియని సలహా ఇచ్చి నష్టపరచిన అప్పు అది. ఆ పాఠాన్ని నలుగురికి చెప్పితే కొంతైనా తీరుతుందని ఈ వ్యాసానికి పూనుకున్నాను.

పాత కంప్యూటరుకు కొత్త మెమరీ, అనగా మన వాడుకలో ర్యామ్, ఎట్లా ఎన్నుకోవాలి అన్నదే ఇక్కడి విషయం. చూడడానికి చిన్న సంగతే. ఐతే మన విద్యార్థులలో ఎందరో సెకండ్‌హ్యాండ్ యంత్రంతోనే మొదలుపెడతారు. వారికి వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు.

జరిగిన సంగతి

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కళాశాలలు మూతపడినవి. సెప్టెంబరు నుండి పిల్లలు ఇంటి దగ్గరనే ఉండి పాఠాలు వినవలసి వచ్చింది. బి.యస్సీ. కంప్యూటర్స్ చివరి సంవత్సరం అబ్బాయి ఒకడు నస్పూరు వైపు ఉండేవాడు. తండ్రి దుబాయిలో కట్టడం పని చేసేవాడు. ఆ రోజులలో పని ఆగిపోయి ఇంటికి పైసలు పంపలేని స్థితి. తల్లి బీడీలు చేస్తుంది. ఏదో ఆఫీసువాళ్ళు తీసేసిన పాత కంప్యూటరును ఆ అబ్బాయి అంతకుముందే కొనుక్కున్నాడు. అందులో ఉన్నది 2 జి.బి. మెమరీ మాత్రమే. పాఠం వినడానికి బ్రౌజరు, జావా ప్రోగ్రాము రాయడానికి నెట్‌బీన్స్, ఈ రెండూ ఒక్కసారి తెరిస్తే చాలు, యంత్రం మొరాయించేది.

అతడు ఫోన్ చేసి సలహా అడిగినాడు. నేను ఏమాత్రం ఆలోచించకుండ, "అది డి.డి.ఆర్.3 బోర్డే గదా. 4 జి.బి.ది ఒకటి కొని ఖాళీ స్లాట్‌లో పెట్టు. మొత్తం 6 అయితది" అన్నాను. ఆ యంత్రాన్ని నేను చూడలేదు. మూత విప్పి చూడమని కూడ చెప్పలేదు.

కరీంనగర్ పోయి, 1600 రూపాయలు పెట్టి కొనుక్కొచ్చినాడు. ఆ సాయంత్రమే ఫోన్. "సార్, ఫ్యాన్ తిరుగుతున్నది. బీప్ బీప్ అంటున్నది. తెర మీద మాత్రం ఏమొస్తలేదు." తీసి మళ్ళీ పెట్టమన్నాను, పెట్టినాడు. పాతది తీసి కొత్తదొక్కటే పెట్టమన్నాను, అదీ చేసినాడు. తెర వెలగలేదు. మర్నాడు మళ్ళీ బస్సెక్కి దుకాణానికి పోయినాడు. దుకాణదారు దాన్ని తన కంప్యూటరులో పెట్టి చూపించినాడట, వెంటనే పనిచేసింది. "తమ్మీ, మాల్ మంచిగనే ఉన్నది. నీ బోర్డుకే పడ్తలేదు. బిల్ అయినంక వాపస్ ఉండది" అన్నాడట. అతని మాటలో తప్పు లేదు. తప్పు నాది.

తల్లి వేలికొసలు అరగదీసుకొని కూడబెట్టిన పైసలు రెండు రోజులలో, రెండు బస్సు ప్రయాణాలలో పోయినవి. తరగతులు మాత్రం ఆగలేదు. రోజూ జరుగుతూనే ఉన్నవి. అప్పుడుగాని నేను మాన్యువల్ తెరవలేదు. ఎన్నో ఏండ్లుగా బోర్డు మీద రాసి చెప్పుతూ వచ్చిన విషయంలో నాకు తెలియనిది ఎంత ఉన్నదో అప్పుడు తెలిసింది. ఆ తెలిసినదాన్ని మొదటినుండి చెప్పుతాను.

మెమరీ చేసే పని

మన లైబ్రరీలో బీరువాలున్నవి, చదువుకునే బల్లలున్నవి. పుస్తకాలన్నీ బీరువాలోనే ఉంటవి. ఐతే బీరువాలో ఉన్న పుస్తకాన్ని చదవలేం. తీసుకొచ్చి బల్ల మీద పరచుకోవాలి. కంప్యూటరులో హార్డ్‌డిస్కు బీరువా, ర్యామ్ బల్ల. బల్ల చిన్నదైతే నాలుగో పుస్తకం పెట్టడానికి మొదటిదాన్ని బీరువాలో పెట్టి రావాలి. అది మళ్ళీ కావలసి వస్తే మళ్ళీ లేవాలి. చదువు తక్కువ, తిరుగుడు ఎక్కువ అవుతుంది. యంత్రం మొరాయించడం అంటే ఇదే.

ఈ బల్లకు ఒక విచిత్ర లక్షణం కలదు. ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టును ఒక్కొక్క అతిచిన్న కెపాసిటరులో విద్యుత్తుగా దాస్తారు. దానికి కాపలా ఒక ట్రాన్సిస్టరు. ఈ ఏర్పాటుకు రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుకు 1968లో అమెరికాలో పేటెంటు లభించింది. ఆ కెపాసిటరు ఓటికుండ వంటిది. పోసిన నీరు కారిపోతూనే ఉంటుంది. కనుక సాధారణంగా 64 మిల్లీసెకండ్లలోపల ప్రతి కుండనూ మళ్ళీ నింపవలసియుంటుంది. కరెంటు పోతే నింపేవాడు లేడు, కుండలన్నీ ఖాళీ. మనం సేవ్ చెయ్యని పాఠం మాయం కావడానికి కారణం ఇదే.

కొనేవానికి ఏ మెమరీ సరిపోతుందన్న చిక్కు మొదటినుండీ ఉన్నది కాదు. మన హైదరాబాదులో 1967లో నెలకొల్పబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ పేరుతో 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు వెలువడింది. ఆ కాలపు యంత్రాలలో మెమరీ అంటే ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన చిన్నచిన్న ఉంగరాలు. వాటిని సన్నని తీగెలతో పూసలు గుచ్చినట్టు గుచ్చేవారు. ఒక ఉంగరానికి ఒక బిట్టు. యంత్రం చేసినవారే దానికి తగిన మెమరీ కూడ ఇచ్చేవారు. మెమరీ అంగట్లో విడిగా అమ్ముడుపోవడం మొదలైనాకే ఎన్నుకునే భారం మన మీద పడింది. ఐతే ఇప్పటికీ మెమరీ ఎవరిది అంటే బోర్డుదే. మనకు నచ్చినది కాదు, బోర్డు ఒప్పుకున్నదే కొనాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఈ వ్యాసంలో తక్కినదంతా దానికి వివరణే.

తరం చూడాలి

బోర్డు ఒప్పుకోవలసిన వాటిలో మొదటిది తరం. ఇప్పుడు వాడుకలో కనిపించే ర్యామ్‌లన్నీ డి.డి.ఆర్. వంశానివే. మొదటి డి.డి.ఆర్. 2000 ప్రాంతంలో, డి.డి.ఆర్.2 2003లో, డి.డి.ఆర్.3 2007లో, డి.డి.ఆర్.4 2014లో, డి.డి.ఆర్.5 2020లో వచ్చినవి. డెస్క్‌టాప్ రకానికి అడుగున ఉండే పిన్నులు వరుసగా 184, 240, 240, 288, 288. తీసుకునే వోల్టేజి వరుసగా 2.5, 1.8, 1.5, 1.2, 1.1. తరం మారినకొద్దీ వోల్టేజి తగ్గుతూ వచ్చిందని గమనించగలరు.

ఒక తరం ర్యామ్ మరొక తరం స్లాట్‌లో పనిచెయ్యదు. అందుకే అడుగున ఒక గాటు పెట్టినారు. మెకానిక్కులు దాన్ని "కట్" అంటారు. డి.డి.ఆర్.2కు, డి.డి.ఆర్.3కు రెంటికీ 240 పిన్నులే అయినా గాటు స్థానం వేరు. డి.డి.ఆర్.4, 5లకు కూడ అంతే. స్లాట్‌లోని మిట్ట ఈ గాటులో కూర్చోకపోతే అది మీ బోర్డుది కాదు. అక్కడ బలం ఉపయోగించరాదు. బలంగా నొక్కితే స్లాట్ పగులుతుంది, బోర్డు పోతుంది.

ల్యాప్‌టాప్‌కు పొట్టి రకం కావాలి. డి.డి.ఆర్.3కు 204, డి.డి.ఆర్.4కు 260, డి.డి.ఆర్.5కు 262 పిన్నులు. డి.డి.ఆర్.3లో మళ్ళీ "ఎల్" అనే ఉపజాతి ఒకటి కలదు; అది 1.35 వోల్టులతో నడుస్తుంది. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకు ఈ ఎల్ రకమే కావాలి. ఎల్ రకం సాధారణంగా 1.5 వోల్టుల బోర్డులో కూడ నడుస్తుంది. మామూలు రకం మాత్రం ఎల్ బోర్డులో నడుస్తుందని నమ్మి కొనరాదు. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో మెమరీని బోర్డుకే అతికించి పంపుతారు. వాటిలో పెంచడానికి స్థలమే ఉండదు. కనుక ల్యాప్‌టాప్ కొనేటప్పుడే ఈ సంగతి అడగవలెను.

నేను ఆ అబ్బాయికి ఇచ్చిన సలహాలో తరం సరిగానే ఉన్నది. గాటు కూర్చున్నది, క్లిప్పులు పడినవి. ఐనా పనిచెయ్యలేదు. ఎందువల్ల?

నాలుగు జి.బి.లు రెండు విధాలు

ఇదే నాకు తెలియని సంగతి. కాస్త ఓపికతో చదవండి. కూడికలు, గుణకారాలు తప్ప ఇందులో ఏమీ లేదు.

8 బిట్లు ఒక బైటు. కాబట్టి 4 జి.బి. అంటే 32 గిగాబిట్లు. ఈ 32 గిగాబిట్లను ర్యామ్ మీద రెండు విధాలుగా సమకూర్చవచ్చును. 2 గిగాబిట్ల చిప్పులు 16 పెట్టవచ్చు, రెండు వైపులా ఎనిమిదేసి. లేదా 4 గిగాబిట్ల చిప్పులు 8 పెట్టవచ్చు, సాధారణంగా ఒక్క వైపే. రెండూ 4 జి.బి.లే. రెండూ డి.డి.ఆర్.3లే. పెట్టె మీద రెంటికీ ఒకే మాట రాసి ఉంటుంది.

ఆ అబ్బాయి కంప్యూటరులో ఉన్నది ఇంటెల్ జి41 చిప్‌సెట్ బోర్డు. కోర్ 2 డ్యుయో కాలంనాటిది. ఆ కాలపు ఇంటెల్ బోర్డులలో మెమరీని నడిపించే కంట్రోలరు ప్రాసెసరులో కాక చిప్‌సెట్‌లో ఉండేది. జి41లోని కంట్రోలరు 2 గిగాబిట్ల చిప్పుల వరకే అర్థం చేసుకుంటుంది. దాని తరువాత వచ్చిన 4 గిగాబిట్ల చిప్పు దానికి తెలియదు.

ఎందుకు తెలియదో కూడ చెప్పుతాను. చిప్పు లోపల మన ఓటికుండలు వరుసలు వరుసలుగా ఉంటవి. ఏ వరుస కావాలో కంట్రోలరు అడ్రసు పంపుతుంది. ఇట్లాంటి ర్యామ్‌లలో వాడే 2 గిగాబిట్ల డి.డి.ఆర్.3 చిప్పుకు వరుస అడ్రసు 15 బిట్లు. అంటే 32,768 వరుసలు. 4 గిగాబిట్లదానికి 16 బిట్లు కావాలి. అంటే 65,536 వరుసలు. పదహారో బిట్టు పంపడం తెలియని కంట్రోలరుకు ఆ పై సగం వరుసలు ఉన్నా లేనట్టే. ఊరి చివర కొత్త కాలనీ కట్టినారు, పోస్ట్‌మ్యాన్ చేతిలో మాత్రం పాత పటమే ఉన్నది, అన్నట్టన్నమాట. ఇటువంటప్పుడు కొన్ని బోర్డులు సగం మెమరీనే చూపిస్తవి. కొన్ని అసలే లేవవు. ఆ అబ్బాయిది లేవని రకం.

కరీంనగర్ దుకాణంలో అదే ర్యామ్ ఎట్లా పనిచేసింది? అక్కడి బోర్డు తరువాతి కాలానిది. ఇంటెల్ హెచ్61 వంటి బోర్డులు వచ్చేనాటికి కంట్రోలరు ప్రాసెసరులోకి చేరింది, 4 గిగాబిట్ల చిప్పును చదవడమూ నేర్చుకున్నది. కనుక వస్తువు మంచిదే, యంత్రమూ మంచిదే. రెంటికీ జోడు కుదరలేదు, అంతే.

చీటీ చదవడం నేర్చుకోండి

ఈ జోడు కుదురుతుందా లేదా అని కొనకముందే తెలుసుకోవచ్చును. ర్యామ్ మీద అతికించిన చిన్న చీటీని మనం చూసీ చూడనట్టు వదిలేస్తాం. దాని జాతకమంతా అందులోనే ఉన్నది. ఆ అబ్బాయి పాత ర్యామ్ చీటీని ఫోటో తీసి పంపమన్నాను. ఇంగ్లీషు అక్షరాలలో "2 జి.బి. 2ఆర్×8 పి.సి.3-10600యు" అని ఉన్నది. ఒక్కొక్క ముక్కనూ విప్పి చూద్దాం.

"పి.సి.3" అంటే డి.డి.ఆర్.3. "పి.సి.3ఎల్" అని ఉంటే ఎల్ రకం. "10600" అంటే సెకనుకు ఎన్ని మెగాబైట్లు కదిలించగలదో దాని సుమారు లెక్క. దాన్ని 8తో భాగిస్తే మనం మామూలుగా చెప్పుకునే వేగం వస్తుంది. 10600 వేగం 1333కు, 12800 వేగం 1600కు సమానం. చివరి "యు" డెస్క్‌టాప్ రకానికి గుర్తు. "ఎస్" ఉంటే ల్యాప్‌టాప్‌ది. "ఆర్" ఉంటే సర్వరుది. "ఇ" ఉంటే తప్పులు దిద్దుకునే ఇ.సి.సి. రకం. పెద్ద కంపెనీలు తీసేసిన సర్వర్ల ర్యామ్‌లు పాత సామాను అంగట్లో చవుకగా దొరుకుతవి. ధర చూసి మోసపోవద్దు. ఆర్ రకం మన ఇంటి కంప్యూటరులో పనిచెయ్యదు.

ఇక ముఖ్యమైనది "2ఆర్×8". ర్యామ్ ఒక్కసారి 64 బిట్లు అందించాలి. "×8" అంటే ఒక్కొక్క చిప్పు 8 బిట్లు ఇస్తుంది. కాబట్టి 64 బిట్లకు 8 చిప్పుల జట్టు కావాలి. "2ఆర్" అంటే అటువంటి జట్లు రెండు, మొత్తం 16 చిప్పులు. "1ఆర్×8" అంటే ఒకటే జట్టు, 8 చిప్పులు. ఇప్పుడు మొత్తం సైజును చిప్పుల సంఖ్యతో భాగించండి. 2 జి.బి. అంటే 16 గిగాబిట్లు, 16 చిప్పులు, కనుక ఒక్కొక్కటి 1 గిగాబిట్. జి41కు సమ్మతమే. కొత్తగా కొన్నదాని మీద "4 జి.బి. 1ఆర్×8 పి.సి.3-12800యు" అని ఉన్నది. 32 గిగాబిట్లను 8తో భాగిస్తే 4. జి41కు అసమ్మతం. అంగట్లో నిలబడి అర నిమిషంలో చెయ్యగల లెక్క ఇది. చీటీ మీద ఆ ముక్క లేకపోతే చిప్పులనే లెక్కపెట్టండి.

ఇంకొక మోసపు మెలిక. "ఎ.ఎం.డి. బోర్డులకు మాత్రమే" అని ఎక్కడో చిన్న అక్షరాలలో రాసిన డి.డి.ఆర్.3 ర్యామ్‌లు చవుక ధరకు అమ్ముతుంటారు. వాటిలో చిప్పుల అమరిక వేరు. ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డు వాటిని ఒప్పుకోదు.

వేగం విషయంలో మాత్రం భయం అక్కరలేదు. 1600 రకాన్ని 1333 బోర్డులో పెడితే మామూలుగా 1333 వేగంతోనే నడుస్తుంది. వేరువేరు వేగాలవి రెండు పెడితే రెండూ నిదానపుదాని అడుగులోనే నడుస్తవి. కాబట్టి పాత బోర్డుకు ఎక్కువ వేగం కోసం ఎక్కువ ధర పెట్టడం వృథా. ఉన్నదానివంటిదే ఇంకొకటి తెచ్చి జోడుగా పెడితే రెండు దారులూ కలిసి పనిచేస్తవి. దీన్ని డ్యుయల్ చానల్ అంటారు. నాలుగు స్లాట్లున్న బోర్డులో జోడు ఎక్కడ పెట్టాలో మాన్యువల్‌లో చూడవలెను.

కొనకముందు చెయ్యవలసినవి

మొదట, అసలు మీకు కావలసింది మెమరీయేనా అని చూడండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, మీరు రోజూ చేసే పనులన్నీ ఒక్కసారి నడిపించి, మెమరీ ఎంత నిండిందో చూడండి. తొంభై శాతం దాటి, డిస్కు కూడ నూరు శాతం కొట్టుకుంటుంటే మెమరీ చాలడం లేదు. మెమరీ సగమే నిండి, యంత్రం ఐనా నిదానమైతే తప్పు పాత హార్డ్‌డిస్కుది కావచ్చు. అప్పుడు అవే పైసలతో చిన్న ఎస్.ఎస్.డి. వేసుకుంటే ఎక్కువ లాభం. బల్ల సరిపోతున్నప్పుడు బల్ల పెంచి ఏం లాభం?

రెండవది, మీ విండోస్ 32 బిట్లదా, 64 బిట్లదా చూడండి. 32 బిట్ల అడ్రసుతో చెప్పగలిగిన బైట్లు 4 జి.బి. మాత్రమే. అందులోనూ మామూలు 32 బిట్ల విండోస్‌కు దక్కేది మూడు, మూడున్నర జి.బి.లే. దానిలో 8 జి.బి. వేసినా మిగిలినది పడి ఉంటుంది.

మూడవది, కరెంటు తీసి మూత విప్పండి. బోర్డు మీద అచ్చువేసిన మోడల్ పేరు, నంబరు రాసుకోండి. స్లాట్లెన్ని, ఖాళీలెన్ని చూడండి. ఉన్న ర్యామ్ చీటీని ఫోటో తీసుకోండి. ఆ మోడల్ మాన్యువల్‌ను తయారీదారు ఇంటర్నెట్‌లో ఉంచుతాడు. అందులో మెమరీ పుటను చదవండి. మొత్తం ఎంతవరకు, స్లాటుకు ఎంతవరకు, ఏ రకం అన్నది అక్కడ ఉంటుంది. మూత విప్పడం ఇష్టం లేనివారు సి.పి.యు.-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఈ సంగతులు చాలావరకు తెలుసుకోవచ్చును.

నాలుగవది, దుకాణంలో ఒక మాట ముందే అడగండి: "బోర్డుకు పడకపోతే మార్చి ఇస్తరా?" ఇస్తామంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. వీలైతే పెట్టెనే వెంట తీసుకుపోయి అక్కడే పెట్టించి చూసుకొని పైసలియ్యండి. బరువు మోసినందుకు ఎవరూ నష్టపోలేదు.

బిగించేటప్పుడు తీగె పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. పెట్టె లోపలి రంగులేని ఇనుమును తాకి మన ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. ర్యామ్‌ను అంచులతో పట్టుకోవాలి. బంగారు రంగు పిన్నులను ముట్టరాదు. మన ప్రాంతం బొగ్గు, సిమెంటు, లారీల దుమ్ము తెలిసినదే. స్లాట్‌ను పొడి బ్రష్షుతో దులపండి. పాత ర్యామ్ పిన్నులు మసకబారితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు. గాటు సరిచూసి రెండు కొసలూ సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కున పడతవి. ఆ రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రాము నడిపిస్తే లోపముంటే బయటపడుతుంది. వాపసు గడువు దాటకముందే ఈ పరీక్ష చెయ్యవలెను.

తరువాత ఏమైంది

ఆ చీటీ లెక్క తెలిసినాక మంచిర్యాలలోనే ఒక రిపేరు దుకాణంలో అడిగితే, పాతదానివంటిదే 2 జి.బి. ర్యామ్, పదహారు చిప్పులది, 350 రూపాయలకు దొరికింది. పెట్టగానే తెర వెలిగింది. మొత్తం 4 జి.బి. బ్రౌజరు, నెట్‌బీన్స్ రెండూ నడిచినవి. నేనన్న 6 కాలేదు గాని పని జరిగింది.

నేను ఆ 1600 ఇస్తానంటే అబ్బాయి ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ ఫోన్ తీసుకొని, "సారూ, పైసల సంగతి పక్కకు వెట్టుండ్రి. పిల్లగానికి క్లాసులు పోకుంట జూసిండ్రు, అదే చాలు" అన్నది. ఆ మాటతో నాకు మరింత సిగ్గయింది. "అమ్మా, ఇది దానం కాదు. ఆ ర్యామ్ నేను కొనుక్కుంటున్న, పాఠం చెప్పనీకి కావాలె" అన్నాను. అట్లాగైతే ఇయ్యమన్నది. ఇప్పుడు అది నా బల్ల సొరుగులో ఉన్నది.

ఆ అబ్బాయి డిగ్రీ పాసై హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మధ్య ఫోన్ చేసి, "సార్, మా ఆఫీసుల ఎనిమిది పాత కంప్యూటర్లు తీసేస్తున్నరు. మన కాలేజీకి పంపియ్యనా?" అన్నాడు. నేను నోరు తెరవకముందే, "మూత విప్పి ఫోటోలు తీసిన సార్, వాట్సాప్‌ల పెట్టిన" అన్నాడు. చూశాను. ఐదు హెచ్61 బోర్డులు, ఒక్కొక్కదానిలో 4 జి.బి.; ఇంకొక స్లాట్ ఖాళీ. మూడు జి41 బోర్డులు, ఒక్కొక్కదానిలో 2 జి.బి. సొరుగులో ఉన్న ఆ ర్యామ్ హెచ్61 బోర్డులలో ఒకదానికి సరిగ్గా సరిపోతుంది. మిగిలిన నాలుగింటికి నాలుగు 4 జి.బి. ర్యామ్‌లు కావాలి. జి41లలో ఒకదానిది తీసి రెండవదానిలో పెడితే ఒకటి కొనకుండనే 4 జి.బి. యంత్రమవుతుంది. మూడవదానికి, ఖాళీ చేసినదానికి కలిపి 2 జి.బి.వి మూడు చాలు. అవి ఎనిమిదీ వేరే రకాలని తెలియక ఎనిమిది ర్యామ్‌లు ఒక్క తీరువే కొని ఉంటే మూడు నష్టపోయేవాళ్ళం.

విద్యార్థి సంఘం వారికి ఇందుమూలంగా ఒక మనవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఈ యంత్రాలు విండోస్ 11కు అర్హమైనవి కావు. అందుచేత ఇటువంటివాటిని ఎన్నో ఆఫీసులు తీసేస్తున్నవి. మరొకవైపు 2025 చివరి నెలలలో మెమరీ ధరలు బాగా పెరిగినవి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా కేంద్రాలకే తయారీ ఎక్కువగా మళ్ళడం దానికి కారణం. ఇట్లాంటి కాలంలో ప్రతి రూపాయి లెక్కించి పెట్టాలి. లినక్స్ వేస్తే ఈ ఎనిమిది యంత్రాలూ మన మొదటి సంవత్సరం పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పనికొస్తవి. సి-డాక్ వారి బాస్ లినక్స్‌లో తెలుగు కూడ ఉన్నది. ఏడు ర్యామ్‌ల ఖర్చు సంఘం భరించగలిగితే, బిగించే పని నేనూ మా చివరి సంవత్సరం పిల్లలూ చేస్తాం.

సొరుగులోని ర్యామ్‌ను ఏటా మొదటి తరగతిలో పిల్లల చేతికిస్తాను. పక్కన పదహారు చిప్పులది ఇంకొకటి పెట్టి, "రెండూ నాలుగు జి.బి.లే. తేడా ఏందో చెప్పుండ్రి" అంటాను. ఈ ఏడు అది యంత్రంలోకి పోతుంది కాబట్టి చూపించడానికి నా దగ్గర ఉండదు. అందుకే ఇక్కడ రాసిపెట్టినాను.